ఏడో బొమ్మ కొలత

కడప
6 నవంబరు 2024

ప్రియమైన జ్యోతికి,

ఎలా ఉన్నావే? స్తుతి బడికి పోతోందా? నీ దగ్గర్నుంచి ఫోన్ వచ్చి ఎనిమిది నెలలైంది. నేనూ చేయలేదులే. తప్పు ఇద్దరిదీ అనుకుందాం.

ఈ కట్ట చూసి కంగారు పడొద్దు. ఇందులో ముప్పై అయిదు గెలాక్సీల బొమ్మలున్నాయి. ఎమ్మెస్సీలో చదువుకున్నాం కదా, కొన్ని గెలాక్సీల నడిమధ్యన నక్షత్రాలన్నీ గుమిగూడి తిన్నగా కడ్డీలా కనిపిస్తాయని. నా పీహెచ్‌డీ మొత్తం ఆ కడ్డీల మీదే. అది ఎంత పొడుగుంది, ఎంత వేగంగా తిరుగుతోంది, ఈ రెండే నా లోకం. ఒక చుట్టు తిరగడానికి పదిహేను కోట్ల ఏళ్లు పడుతుంది కాబట్టి కూర్చుని చూసేది కాదు. టెలిస్కోపు లెక్కల్లో గెలాక్సీ మీద వరసగా గీతలు గీసి, ఒక్కో గీతలో వెలుగు సగటున ఎక్కడుంది, ఎంత వేగంతో కదులుతోంది అని చూసి, వేగం నేను తేలుస్తాను. పొడుగు మాత్రం కంటితో చూసి స్కేలుతో కొలవాలి.

అది ఒక్కరే కొలిస్తే చెల్లదు. రెండో మనిషి వేరేగా కొలవాలి, ఒకరి అంకె ఇంకొకరికి తెలియకూడదు. మా మహానంది సార్ "ఎవరున్నారు?" అంటే నీ పేరు చెప్పాను. బొమ్మలు సారే కట్ట కట్టాడు. నాకు ముప్పై ఇచ్చి నీకు అయిదు ఎక్కువ ఎందుకు పెట్టాడో చెప్పలేదు. కడ్డీ ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్ని మిల్లీమీటర్లో పట్టికలో రాయి, అంతే.

కొలతలయ్యేదాకా మనకు ఫోన్ బంద్. "నీ నోట్లో నువ్వు గింజ నానదమ్మా, ఫోన్ చేస్తే అన్నీ చెప్పేస్తావు, ఏదున్నా ఉత్తరం రాసుకోండి" అన్నాడు సార్. నాకు సంతోషమే. నీ చేతిరాత చూసి ఎన్నేళ్లయిందో.

నీ
ప్రణీత

నందికొట్కూరు
13 నవంబరు 2024

ప్రణీతకు ప్రభువు నామమున వందనాలు.

కట్ట అందింది. పోస్ట్‌మ్యాన్ ఇంటికి కాకుండా తిన్నగా కాలేజీకి తెచ్చాడు. స్టాఫ్ రూంలో అందరూ మూగారు. "ఏం మేడమ్, గుడ్ల బొమ్మలా?" అని కెమిస్ట్రీ సార్ అడిగాడు. ఇంటర్ పిల్లలకు రోజుకు ఐదు క్లాసులు చెప్పే చోట గెలాక్సీ అంటే ఫోన్ పేరనుకుంటారు.

స్తుతి బాగుంది. వచ్చే నెలకు నాలుగేళ్లు నిండుతాయి. దాని వయసు అడిగినప్పుడల్లా నీ సీటు వయసు కూడా గుర్తొస్తుంది నాకు, ఏం చేయను. అది ఎనిమిదో నెల కడుపులో ఉండగా కదా పీహెచ్‌డీ ఇంటర్వ్యూ లిస్టు వచ్చింది. మొదట నా పేరు, కింద నీ పేరు. ఒక్క ఏడాది ఆగి చేరతానంటే సీటు ఆగదన్నారు. "నువ్వు చేరిపోవే, నాకేం బాధ లేదు" అని నేనే నీకు ఫోన్లో చెప్పాను. మా ఆయన వసంతకుమార్ పక్కనే ఉండి విన్నాడు. ఫోన్ పెట్టేశాక "నిజంగా బాధ లేదా?" అని అడిగాడు. అన్నం కలుపుకోమన్నాను.

పాత సంగతులు ఎందుకులే. కొలుస్తాను. కానీ తొందర పెట్టొద్దు. డిసెంబరు దగ్గర పడింది, చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు నా నెత్తినే ఉంది. బొమ్మకు మూడుసార్లు కొలిచి సగటు రాస్తాను. నీకు తెలుసుగా, ప్రాక్టికల్స్‌లో నా రీడింగ్ చూసే నువ్వు నీది దిద్దుకునేదానివి.

సరదాకి అన్నాను.

జ్యోతి

కడప
28 నవంబరు 2024

ప్రియమైన జ్యోతికి,

నీ వెక్కిరింపు చదివి నవ్వుకున్నాను. నిజమేనే, నీ రీడింగ్ చూసే దిద్దుకునేదాన్ని. ఇప్పుడు నా రీడింగ్ చూసి ఎవరైనా దిద్దుకునే రోజు వచ్చేటట్టుంది!

ఇది రాయకూడదు. సార్‌కి తెలిస్తే చంపుతాడు. కానీ నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. ఏడో బొమ్మ చూశావా, కడ్డీ చుట్టూ ఉంగరం ఉన్నది? దాని వేగం తేలింది. విను. కడ్డీ మొత్తం ఒకే ముక్కగా తిరుగుతుంది. నక్షత్రాలు అలా కాదు, మధ్యకు దగ్గరున్నవి త్వరగా, దూరంగా ఉన్నవి నిదానంగా చుట్టొస్తాయి. ఎక్కడో ఒకచోట రెండిటి తిరుగుడూ సరిసమానం అవుతుంది. అది పొలిమేర అనుకో. కడ్డీ ఆ పొలిమేర దాటి ఉండటానికి వీల్లేదు, దాటితే నక్షత్రాలు దాన్ని నిలవనీయవు. సిద్ధాంతం అంతే చెబుతుంది.

ఏడో బొమ్మలో పొలిమేర ఈ కొస నుంచి ఆ కొసకు ముప్పై ఆరు మిల్లీమీటర్లు వచ్చింది. నా కొలతలో కడ్డీ నలభై ఒకటి! పొలిమేర దాటేసింది! సార్ మూడుసార్లు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "రెండో కొలత కూడా ఇట్లే వస్తే జనవరి సభలో ఇది నువ్వే చెబుతాండావు" అన్నాడు. ఇరవై రెండో తేదీన ఇక్కడే కడపలో సభ. పుణె నుంచీ బెంగళూరు నుంచీ ఈ పనిలో పండిపోయిన వాళ్లు వస్తారు. వాళ్లకు నచ్చితే నా చదువయ్యాక ఎక్కడైనా చోటిస్తారు. నచ్చకపోతే థీసిస్‌లో మిగిలేది ఇరవై తొమ్మిది మామూలు కడ్డీలు.

నాకు వేరే గది ఇచ్చారు, తలుపు మీద పేరు కూడా రాయించారు. మా అమ్మ గంగాదేవి మొన్న ఊరి నుంచి వచ్చి ఆ అక్షరాలను చేత్తో తడిమి చూసింది. నువ్వూ రావాలి, చూడాలి.

నీ పట్టిక కోసం ఎదురు చూస్తూ,
ప్రణీత

నందికొట్కూరు
9 డిసెంబరు 2024

ప్రియమైన ప్రణీతకు ప్రభువు నామమున వందనాలు.

నీ ఉత్తరం చదివి ఎంత సంతోషించానో మాటల్లో చెప్పలేను. నీ కష్టం ఊరికే పోలేదు. గంగాదేవి అత్తకు నా నమస్కారాలు చెప్పు.

పట్టిక దీనితో పంపుతున్నాను. ముప్పై అయిదూ అయిపోయాయి. ఏడో బొమ్మ కడ్డీ నాకు నలభై రెండు వచ్చింది. నీకంటే ఒకటి ఎక్కువే! కాబట్టి నిశ్చింతగా ఉండు. నీ కన్ను ఎప్పుడూ మంచిదే, నీకే నమ్మకం తక్కువ.

జనవరి ఇరవై రెండుకు సెలవు పెట్టి తప్పకుండా వస్తాను. వెనక వరసలో ఎక్కడో కూర్చుని నువ్వు మాట్లాడేది వింటాను. నా గురించి ఎవరికీ చెప్పొద్దు, వరసల్లో వెతకొద్దు.

స్తుతి నీకు ముద్దులు పంపింది.

నీ
జ్యోతి

కడప
16 డిసెంబరు 2024

జ్యోతీ, నా బంగారమా!

నలభై రెండు! పట్టిక విప్పి ముందు ఏడో వరసే చూశాను. చూసి గదిలో ఒక్కదాన్నే గంతులేశాను. పక్క గది శివజ్యోతి వచ్చి "ఏమయిందక్కా, తేలు గానీ కుట్టిందా?" అని అడిగింది.

ఇప్పుడు అసలు సంగతి. సభలో చెప్పేదే వ్యాసంగా పంపుతున్నాం. పేర్ల వరసలో మొదట నాది, రెండోది నీది, ప్రేమజ్యోతి అని పూర్తిగా, మూడోది మహానంది సార్. నేనే అడిగాను, సార్ ఒప్పుకున్నాడు. "ఇద్దరు విడివిడిగా కొలిచారు" అని రాస్తాం కాబట్టి ఆ ఇద్దరూ ఎవరో ఉండాలి కదా. నీ పేరు అచ్చులో! ఎమ్మెస్సీ ఫస్టు వచ్చిన పిల్ల ఇంటర్ కాలేజీలో అరిగిపోతోందని ఎవరూ అనలేరిక.

కాగితం పెట్టాను. కొలతలు నీవేననీ, ఎవరి అంకెనూ చూడకుండా కొలిచావనీ అందులో ఉంది. సంతకం చేసి పంపు. నేను నీకు అంకె చెప్పేసిన సంగతి మనిద్దరి మధ్యనే ఉండనీ, ఎటూ నీకూ అంతే వచ్చింది కదా.

క్రిస్మస్ శుభాకాంక్షలు. కేకు ముక్క దాచిపెట్టు.

నీ
ప్రణీత

నందికొట్కూరు
27 డిసెంబరు 2024

ప్రణీతకు వందనాలు.

పండగ పనుల్లో జవాబు ఆలస్యమైంది. కాగితం సంతకం లేకుండానే తిప్పి పంపుతున్నాను, ఏమీ అనుకోవద్దు. నా పేరు వద్దు. స్కేలు పెట్టి కొలవడం ఒక పనా? మా ఇంటర్ పిల్లలు కూడా చేస్తారు. కష్టమంతా నీది, పేరూ నీకే ఉండాలి. కాలేజీ వాళ్లు కూడా బయటి పనులకు ఒప్పుకోరు.

ఇంకొక మాట. సభకు ముందు ఆ ఏడో బొమ్మను నువ్వొకసారి మళ్లీ కొలిస్తే మంచిదేమో. ఊరికే, జాగ్రత్త కోసం. కొలవకపోయినా పర్వాలేదు.

జ్యోతి

కడప
4 జనవరి 2025

జ్యోతీ,

నీ పేరు వద్దన్నావని మొదట శానా కోపమొచ్చింది. పొట్లంలో కట్టి ఇస్తే గిరాటేసినట్టు అనిపించింది. నీకు నా దగ్గర తీసుకోవడం నామోషీ అనుకున్నాను. ఈ ఉత్తరం మూడు పేజీల తిట్లతో మొదలుపెట్టి చించేశాను.

తర్వాత సార్ ఊరికెళ్తూ నాకొక అంటించిన కవరిచ్చాడు, పట్టికతో సరిచూడమని. నీకు ఎక్కువ పెట్టిన అయిదు బొమ్మల గుట్టు అందులో ఉంది. అవి కొత్త గెలాక్సీలు కావు జ్యోతీ. మొదటి ముప్పైలోవే అయిదింటిని అద్దంలో చూసినట్టు తిరగేసి, పక్కకు తిప్పి మళ్లీ అచ్చేశాడు. కొలిచే మనిషి నిలకడ తెలుసుకోవడానికి. నాలుగు జంటల్లో నీ కొలతలు అర మిల్లీమీటరు కూడా తేడా రాలేదు. అయిదో జంట ఏడో బొమ్మా, ముప్పై మూడో బొమ్మా. ఏడు దగ్గర నలభై రెండు రాశావు. ముప్పై మూడు దగ్గర ముప్పై ఒకటి.

ముప్పై ఒకటి అంటే పొలిమేరకు లోపలే. మామూలు కడ్డీ. నా దగ్గర చెప్పుకోవడానికి ఏమీ లేదు.

పట్టికను లైటు కింద పెట్టి చూశాను. ఏడో వరసలో రబ్బరుతో చెరిపిన మచ్చ ఉంది. దాని కింద ముప్పై ఒకటి ఇంకా కనిపిస్తోంది. అర్థమై ఏడ్చాను. నేను నలభై ఒకటి అని గంతులేస్తూ రాశాను, నా సంతోషం చెడగొట్టడం నీకిష్టం లేకపోయింది. నా కోసం నీ కొలత నువ్వే చెరుపుకున్నావు. అందుకే సంతకానికి చేయి రాలేదు నీకు. ఇట్లాంటి స్నేహితురాలు ఎవరికుంటుంది?

ఇప్పుడు నాకొక దుర్బుద్ధి పుడుతోంది, నీకే చెబుతున్నాను. సార్ పన్నెండో తేదీ దాకా రాడు. ముప్పై మూడో బొమ్మ అచ్చు సరిగా రాలేదని చెప్పి తీసేస్తే ఎవరికీ తెలియదు. నలభై ఒకటి, నలభై రెండు, అంతే ఉంటుంది. ఎవరికి తెలుసు, అదే నిజమేమో కూడా. నీది ఒక్క మాట చాలు. ఏం చేయమంటావు?

ప్రణీత

నందికొట్కూరు
8 జనవరి 2025

ప్రణీతా,

నన్ను దేవతను చేయొద్దు.

నీ సంతోషం చెడగొట్టలేక కాదు. నీ సంతోషం చూడలేక. ఏడో బొమ్మ నేను కొలిచింది నవంబరు ఇరవయ్యో తేదీన, మూడుసార్లూ ముప్పై ఒకటే. కడ్డీ కొసలు ఎక్కడ ఆగాయో పట్టపగల్లా కనిపిస్తోంది. దాని అవతల ఉన్నవి ఉంగరంలోని వెలుగు ముద్దలు, కడ్డీవి కావు. పెన్సిల్‌తో రాసి పక్కన పెట్టాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. నీ గది, నీ తలుపు, నీ పేరు, పుణె వాళ్లు. చదువుతుంటే కడుపు మండిపోయింది. ఆ తలుపు మీద ఉండాల్సింది నా పేరు కదా అనిపించింది.

నీ నలభై ఒకటి ఎలా వచ్చిందో అక్కడే నాకు తెలిసిపోయింది. ఎమ్మెస్సీలో సెలవులకు మైదుకూరు దగ్గర మీ ఊరికి తీసుకెళ్లావు గుర్తుందా? మీ నాన్న గురప్ప మగ్గం మీద చీర కొలుస్తూ నాలుగు వేళ్లు ఎక్కువే కలిపాడు. "ఎక్కువుంటే ఎవురూ ఏమీ అనరమ్మా, తక్కువైతే చీర మొగాన కొడతారు" అన్నాడు. నువ్వు కొలిచేది ఆ చేత్తోనే. కొసన దారం వేలాడుతున్నా చీరలోకే లెక్క నీకు. ఉంగరంలో మెరిసే ముద్దను కూడా కడ్డీలో కలిపేశావు. చెబితే ఒక్క నిమిషంలో దిద్దుకునేదానివి.

చెప్పలేదు. చెరిపి నలభై రెండు రాశాను. నేను ముప్పై ఒకటి అని రాస్తే నువ్వు ఇంట్లోనే, గదిలోనే దిద్దుకుంటావు. నలభై రెండంటే ధైర్యంగా సభకెక్కుతావు. అక్కడ పండిపోయిన వాళ్లలో ఎవరో ఒకరు లేచి "అమ్మా, అది కడ్డీ కాదు, ఉంగరం" అనాలి. అప్పుడు నీ మొహం చూడాలని వెనక వరస కోరుకున్నాను. ఇదీ నా స్నేహం. ఆదివారం బల్లారాధనలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి నా వరస వచ్చినప్పుడు లేవలేకపోయాను, దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుండిపోయాను. పక్కనున్న జ్ఞానమణమ్మ "ఒంట్లో బాగలేదా?" అని అడిగింది. ఔనన్నాను. అదీ అబద్ధమే.

మళ్లీ కొలవమని ఒక ముక్క రాశాను కదా, అదీ పూర్తిగా మనసొప్పి రాసింది కాదు. రాసినట్టూ ఉండాలి, నువ్వు వినకూడదు, అట్లా రాశాను.

ముప్పై మూడో బొమ్మ తీయొద్దు. సార్ రాగానే ఈ ఉత్తరం ఆయనకివ్వు. నా పేరు కొట్టేయించు. కోపం పట్టలేకపోతే ఫోన్ చేసి తిట్టు, కొలతలయిపోయాయి.

ప్రేమజ్యోతి

మైదుకూరు బస్టాండు
30 జనవరి 2025

జ్యోతీ,

ఇది పోస్టులో రాదు. కర్నూలు బస్సు ఈడ ఇరవై నిమిషాలు ఆపాడు, బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. నీ ఇంటికొచ్చి నేనే నీ చేతికిస్తాను. నోటితో చెప్పడం నావల్ల కాదు. నేను గుమ్మంలో నిలబడి ఉంటాను, నువ్వు చదువు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం తినలేదు. తిట్టడానికి ఫోన్ తీసి పెట్టేశాను. మూడో రోజు స్కేలు తీసి ఏడో బొమ్మ కొలిచాను. ముప్పై ఒకటే. ఎప్పుడూ ముప్పై ఒకటే.

సార్ వచ్చాక నీ ఉత్తరాలన్నీ ఆయన ముందు పెట్టాను, నలభై ఒకటి అని నేను నీకు కూసిన సంగతీ చెప్పాను. ఆయన మొదట నన్నే నిలదీశాడు. "ఆయమ్మ అబద్ధం రాసింది, సరే. అంకె చెప్పి దారి చూపింది ఎవరు?" అన్నాడు. ముప్పై బొమ్మలూ మళ్లీ కొలవమన్నాడు. ఉంగరాలున్న ఆరింటిలో నా చేయి ఎక్కువ పోయింది. సభలో అదే చెప్పాను, ఉంగరం కొలిచే వాణ్ని ఎట్లా మోసం చేస్తుందని. పెద్దగా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పుణె నుంచి వచ్చిన ఆయన ఒక ప్రశ్న అడిగాడు, అర్థం చేసుకుని జవాబు చెప్పాను. వ్యాసం లేదు, నీ పేరూ లేదు. నువ్వు రాలేదు. వెనక వరసలు చూశాను.

ఇప్పుడు నా వంతు. నిన్నెందుకు రెండో మనిషిగా అడిగానో తెలుసా? స్నేహం కాదు. నాలుగేళ్లుగా డిపార్ట్‌మెంటులో నన్ను చూసి "ఆ సీటు అసలు వేరే అమ్మాయిది" అంటూనే ఉన్నారు. ఆ వేరే అమ్మాయి నాకు బొమ్మలు కొలిచి పెట్టాలనుకున్నాను. పేర్ల వరసలో నా కింద ఉండాలనుకున్నాను. తలుపు మీద పేరు సంగతి నీకు మండాలనే రాశాను.

సభ మర్నాడు సార్ నీ పట్టిక ముందేసుకుని కూర్చున్నాడు. నాలుగు జంటల్లో అర మిల్లీమీటరు తేడా లేదని మళ్లీ మళ్లీ చూశాడు. "అబద్ధం నాకు నచ్చలేదు. ఆ కన్ను మాత్రం నాకు కావాల. ఆయమ్మను పిలువు, నా మొగం చూసి మాట్లాడమను" అని ఒక ఫారం ఇచ్చాడు. ఉద్యోగం చేస్తూ పీహెచ్‌డీ చేసుకునే సీటు. ఒకటే ఉంది.

ఆ ఫారం ఏడు రోజులు నా సొరుగులో పెట్టుకున్నాను. గడువు రేపు సాయంత్రం అయిదింటికి. మొన్నటిదాకా పోస్టులో వేస్తే నీకు అందేది. ఈ రోజు వేస్తే అందదు, వేశానని సార్‌కి చెప్పొచ్చు. అదే చేద్దామని పొద్దున పోస్టాఫీసు దాకా పోయాను. కవరు మీద నీ చిరునామా కూడా రాశాను. అక్కడ్నుంచి బస్టాండుకి ఎట్లా వచ్చానో నాకే తెలియదు.

ఫారం ఈ సంచిలో ఉంది. పెన్ను కూడా తెచ్చాను. సంతకం చేస్తే తెల్లవారి మొదటి బస్సుకు పట్టుకెళ్లి ఇచ్చేస్తాను. నేను మంచిదాన్నయిపోయానని అనుకోవద్దు. నువ్వు మా డిపార్ట్‌మెంటుకొస్తే రెండు నెలల్లో అందరూ నీ పేరే చెబుతారు, నాకు తెలుసు, ఇప్పట్నుంచే కడుపులో మంటగా ఉంది. నువ్వు పిల్ల ఉందనో, సార్ మొహం చూడలేననో వద్దంటావేమోనని దారంతా ఆశపడుతూనే వస్తున్నాను.

వద్దంటే నాకు శానా సంతోషమవుతుంది. ఆ సంతోషం నాకివ్వొద్దు జ్యోతీ.

ప్రణీత